గ్రహణం చాలనివాళ్ళు

నమోదు 1

నేల కింద మెట్లు మెట్లుగా కట్టిన ఈ దిగుడులో బతికే ప్రతి మనిషీ తాను తిన్నదేమిటో తనే నమోదు చేసి పైకి పంపాలని ఆరోగ్య సభ ఆదేశం. పంపుతున్నాను. పేరు ఓబుళమ్మ. ఉండేది మసక మెట్టు. పని బడిలో జీవశాస్త్రం చెప్పడం, గోడపత్రిక నడపడం. ఈ పూట తిన్నవి జొన్న సంకటి, ఉడికించకుండా పచ్చిగానే టమోటా పళ్ళు, ఉప్పు. నూనె లేదు. మాకు నూనె ఎప్పుడూ లేదు.

మసక మెట్టు నమోదుల్ని పైన ఎవరూ చదవరు. నాకు రుజువుంది. మొన్నొకసారి "ఈ పూట ఆరోగ్య సభ అధ్యక్షుణ్ణి వేపుడు చేసుకుని తిన్నాను, కాస్త ఉప్పు తగ్గింది" అని రాశాను. "సమతుల ఆహారం తీసుకుంటున్నందుకు అభినందనలు" అని జవాబొచ్చింది. అందుకని ఇకమీదట ఇక్కడ నిజమే రాయదలచుకున్నాను. నిజం దాచుకోవడానికి ఈ ఊళ్ళో ఇంతకన్నా భద్రమైన చోటు లేదు.

ఇవాళ నా కూతురు కెంపికి పిలుపు వచ్చింది. పద్దెనిమిది నిండాయి కదా, వేరుశనగ కోత కాగానే రంగు పరీక్ష. అరచేయి ఎర్రకన్ను మీద పెట్టాలి. ఆ యంత్రంలోని నీలం వెలుతురు చర్మంలోకి దూరి, టమోటాకి ఎరుపునిచ్చే లైకోపీన్ ఒంట్లో ఎంత చేరిందో చూస్తుంది. ముల్లు గీత దాటితే వెలుగు మెట్లకు పోవచ్చు. అక్కడి దీపసూర్యుళ్ళ మంటను ఆ చర్మం తట్టుకుంటుందట. దాటకపోతే మన క్షేమం కోరి మనల్ని అడుగు మెట్టుకు దింపుతారు. అక్కడ చీకటి, నీళ్ళ పంపులు. దిగినవాళ్ళకు మళ్ళీ పరీక్ష లేదు. నడుమనున్న మా మసక మెట్టులో పిల్లల్నీ, వంటవాళ్ళనీ, లిఫ్టు తిప్పేవాళ్ళనీ, బడిపంతుళ్ళనీ ఉంచుకున్నారు. మేం పనికొస్తాం కాబట్టి, పని ఉన్నన్నాళ్ళూ మాకు పరీక్ష మినహాయింపు.

పైవాళ్ళకూ ఏటా పరీక్ష ఉంది. చట్టం అందరికీ ఒకటే అని వాళ్ళ గొప్ప. పైనుంచి ఇంతవరకు ఒక్కడూ దిగలేదు.

మా ఆయన రామాంజిని, పని పోయాక, ఆ ముల్లే దింపింది. సభ చెప్పినవన్నీ చెప్పినట్టు తిన్న మనిషి. టమోటా కొరికితే గింజలు చొక్కా మీద చింది, నేను తిడితే నవ్వేవాడు. చివరికి లిఫ్టులో శవమై పైకొచ్చాడు. వెలుతురు తగలక ఎముకలు మెత్తబడి, కాళ్ళు విల్లులా వంగిపోయి ఉన్నాయి. మరణ కారణం అన్నచోట సభ అధ్యక్షుడు డాక్టర్ అనంతశయనం తన చేత్తోనే రాశాడు: "గ్రహణశక్తి లోపం."

నాకు రెండు కావాలి. నా బిడ్డ పైకెక్కాలి. అనంతశయనం కిందికి దిగాలి. ఒక్కటి జరిగితే చాలదు.

నమోదు 2

తిన్నవి: నిన్నటివే.

అనంతశయనం ఏడాదికోసారి చేసే ఉపన్యాసం ఇవాళ చేశాడు. ముక్కుకు గుడ్డ కట్టుకుని లిఫ్టు దిగాడు. బుగ్గలు నిగనిగలాడుతున్నాయి.

"అమ్మలారా, అయ్యలారా! పైమెట్టుకీ కింది మెట్టుకీ టమోటాల తూకం ఒక్కటే. వీసమెత్తు తేడా లేదు. సభ సమానంగా ఇస్తోంది. పుచ్చుకునే శరీరాల్లో తేడా ఉంటే సభ ఏం చేయగలదు? కొందరికి పుట్టుకతోనే గ్రహణశక్తి తక్కువ."

నేను లేచాను. "తూకం ఒకటే, సరే. వంట కూడా ఒకటేనా డాక్టరు గారూ?"

"వంటా?" అని నవ్వాడు. "ఓబుళమ్మ గారూ, మీకు అందేది ప్రకృతి ఇచ్చిన పండు, ఇచ్చినది ఇచ్చినట్టు. నిప్పు తగిలితే పండు చచ్చిపోతుంది. నూనె మనిషికి శత్రువు. నిజం చెప్పమంటారా? మీరే అదృష్టవంతులు. మిమ్మల్ని చూస్తే నాకు అసూయ."

మావాళ్ళు చప్పట్లు కొట్టారు! అతని మాటల కన్నా ఆ చప్పట్లే నా కడుపు మండించాయి.

గ్రహణశక్తి అనే మాట మీద నాకు పాత కక్ష ఉంది. పిల్లవాణ్ణి మొద్దు అని తిట్టడానికి ధైర్యం చాలని పంతులు వాడే మాట అది. తిండి ఒంట్లోకి చేరే పనికి ఆ మాటే ఎందుకు తగిలించారు? మా అమ్మలు ఏమనేవాళ్ళు? "ఒంటికి పట్టలేదు" అనేవాళ్ళు. ఒంటికి పట్టలేదంటే ఎవరికైనా తిండి మీద అనుమానం వస్తుంది. గ్రహణశక్తి లేదంటే మనిషి మీద వస్తుంది. ఒక్క మాట మార్చి, నేరాన్ని పళ్ళెంలోంచి తీసి మనిషిలో పెట్టారు. పైగా గ్రహణం పట్టినట్టు చీకట్లో పడి ఉండేదీ మేమే. మాట ఎంత చక్కగా అతికిందో చూడండి!

నమోదు 3

పక్క గదిలో ఉండే దస్తగిరమ్మ వచ్చింది. పైమెట్టు వంటశాలలో పొయ్యి దగ్గర పని ఆమెది. ఆమె వస్తోందని ఆమె నవ్వు ముందే చెబుతుంది.

"అక్కా, ఒక తమాషా చెప్తా. నవ్వకూడదు."

"నువ్వే నవ్వుతాండావు కదే."

"పరీక్ష గదికి కాఫీ తీస్కపోయినా. ఆడ ఎవురూ లేరు. ఈ ఎర్రకన్ను కత ఏందో చూద్దామని సరదాకి చెయ్యి పెట్టినా. ముల్లు గీత దాటి, ఆ కొసకి పోయి టకటకా కొట్టుకుంటాంది! ఆ డాక్టరుకి గూడా అంత రాదంట. చెడిపోయిందేమో అని కొంగుతో తుడిచి మళ్ళా పెట్టినా. మళ్ళా అంతే. కాఫీ ఆడ పెట్టి ఒకటే పరుగు."

అరచేయి పట్టుకుని దీపం కింద చూశాను. కమలాపండు తొక్క రంగు.

"ఏం తింటాండావే నువ్వు?"

"ఏముండాది? వాళ్ళకి పెట్టింది నాకు పెడతారా? తొక్కు చేసిన బాండలి ఉంటాది కదా. టమోటా నూనెలో మగ్గి మగ్గి అడుగున అంటుకోని ఉంటాది. దాంట్లో ఇంత సంకటేసి తుడ్చుకోని తింటా. కడిగేదానికి సులువు."

"ఎన్నాళ్ళ నుంచి?"

"పనిలో చేరినప్పట్నుంచి. ఏందక్కా అట్ల చూస్తాండావ్? నేరమా?"

నేరమే. కానీ ఆమెది కాదు. దస్తగిరమ్మ ఈ మెట్టులోనే పుట్టింది. వాళ్ళమ్మా నాయనా ఇద్దరూ గీత దాటలేక అడుగు మెట్టులో పోయినవాళ్ళే. మరి పుట్టుకతో వచ్చిన లోపం ఈమె చేతి దాకా వచ్చి ఎక్కడ ఆగిపోయింది? బాండలి అడుగున ఆగిపోయింది.

నమోదు 4

ఇవాళ పెద్ద తరగతి పిల్లలకు సిలబస్సులో లేని పాఠం చెప్పాను.

లైకోపీన్ నీళ్ళలో కరగదు, నూనెలో కరుగుతుంది. పచ్చి పండులో అది కణాల గోడల వెనక చిన్న చిన్న స్ఫటికాలుగా బందీ అయి ఉంటుంది. ఎంత నమిలినా ఆ గోడలన్నీ పగలవు. నిప్పు పగలగొడుతుంది. ఇంకొకటి, పచ్చి పండులో ఆ అణువు కట్టెపుల్లలా నిటారుగా ఉంటుంది. నిటారువన్నీ మోపు కట్టినట్టు ఒకదాన్నొకటి అంటుకుంటాయి. నూనెలో మగ్గితే కొన్ని వంగుతాయి. వంగినవాటికి పేగులోకి ప్రవేశం సులువు, నిటారుగా నిలబడ్డవాటికి కష్టం. దిగుడు రాజకీయమంతా మన పేగులోనే ఉంది!

పేగులోకి నూనె చేరితే పిత్తాశయం పైత్యరసం వదులుతుంది. అది నూనెను సన్నని బొట్లుగా విడగొడుతుంది. లైకోపీన్ ఆ బొట్లెక్కి పేగు గోడ దాటుతుంది. తర్వాత కొవ్వు మూటల్లో సర్దుకుని రక్తంలోకి, కాలేయానికి, చివరికి చర్మానికి చేరుతుంది. నూనె లేకపోతే పడవ లేదు. పడవ దొరకని ప్రయాణికుడు మర్నాడు దొడ్డిదారిన బయటికి పోతాడు. మా దొడ్లోకి పొద్దున ఎవరైనా వచ్చి చూడండి, ఎర్రటి తొక్కలు తిన్నవి తిన్నట్టే కనబడతాయి. రామాంజి ఒంట్లో చేరాల్సిన వెలుతురంతా అలాగే పోయింది.

ఇది నేను కనిపెట్టిన సంగతేమీ కాదు. నేను చదువుకునే రోజుల్లో పాఠ్యపుస్తకంలోనే ఉండేది. పిల్లలకు బరువవుతోందని సభ తీసేసింది. ఆ పాఠం రాసినవాడు అప్పట్లో కుర్ర డాక్టరు. పేరు అనంతశయనం.

తెలియక చేసినవాణ్ణి క్షమించాలా వద్దా అని వాదించుకోవచ్చు. ఇతని విషయంలో ఆ వాదనకు పని లేదు.

నమోదు 5

"ఈసారి గోడపత్రికలో అతన్ని ఉతికి ఆరేస్తా" అన్నాను.

"ఆరెయ్ మా" అంది కెంపి. "నువ్వు ఇంతకుముందు ఉతికినవన్నీ ఇంకా ఆరతానే ఉండాయి."

"అంటే నిజం రాయొద్దంటావా?"

"రాసినావనుకో. వాళ్ళు ఒప్పుకున్నారనుకో. ఒప్పుకోని మనకి నూనె యాడిదిస్తారు? దిగుడు మొత్తానికీ పండే నూనె పైవాళ్ళకే బొటాబొటి. ఎవురో ఒకరు మానుకుంటేనే ఇంకొకరికి."

ఎవరో ఒకరు మానుకుంటేనే. ఆ మాట దగ్గరే ఆగిపోయాను. పైమెట్టు వంటశాలలో మిగిలిన నూనెను లిఫ్టు పళ్ళచక్రాలకు వేయడానికి కిందికి పంపాలని నియమం. ఎప్పుడూ గరిటెడు కూడా మిగల్లేదు. మిగిలితే?

ఇన్నాళ్ళూ అతన్ని తిడుతూ రాశాను. చర్మం మీద పడ్డ తిట్టు లోపలికి ఇంకదు. లోపలికి పోవాలంటే నూనె కావాలి. పొగడ్తను మించిన నూనె ఉందా?

రాశాను. "డాక్టర్ అనంతశయనం గారి మాట అక్షరసత్యం. పచ్చి పండే అమృతం, నూనె మనిషికి శత్రువు. ఇన్నాళ్ళూ వారిని విమర్శించినందుకు సిగ్గుపడుతున్నాను. కానీ ఒక్కటే బాధ. ఇంత మంచి తిండి మాకిచ్చి, పైమెట్టు పెద్దలు మా కోసం ఆ శత్రువును తమ పొట్టల్లో భరిస్తున్నారే! ఇది త్యాగం. ఈ త్యాగం ఇక చాలు. ప్రకృతి ఫలం మీద వారికీ హక్కుంది." కింద అతని ఉపన్యాసం ఒక్క అక్షరం మార్చకుండా వేశాను.

కెంపి చదివి, "వాంతికొస్తాంది మా" అంది.

"నాకూ వచ్చింది. మింగి రాసినా."

నమోదు 6

పనిచేసింది. నేననుకున్న దానికన్నా వేగంగా పనిచేసింది.

పైవాళ్ళకు తిండి కన్నా తిండి గురించిన పేరు ముఖ్యం. సంగీతం చెప్పే పెద్దావిడ ముందు మొదలుపెట్టిందట, ఒళ్ళు తేలికైందని ప్రచారం చేసిందట. ఇప్పుడు అక్కడ తొక్కు తినేవాణ్ణి మోటుమనిషిలా చూస్తున్నారు. నూనె మానినవాళ్ళు ఛాతీ మీద పచ్చ బొత్తాం పెట్టుకుంటున్నారు. చివరికి సభ తీర్మానమే చేసింది: అధ్యక్షుల వారి బోధ ప్రకారం వంటశాలలో టమోటాకు నిప్పూ నూనే తగలరాదు. ఇళ్ళలో పొయ్యి ఎలాగూ నిషేధం.

దస్తగిరమ్మ పొట్ట పట్టుకుని నవ్వుతూ చెప్పింది.

"డాక్టరు మెల్లగా వంటశాల కాడికి వచ్చినాడక్కా. అటూ ఇటూ చూసి, 'దస్తగిరమ్మా, రవ్వంత తొక్కు ఏమైనా...' అన్నాడు. 'అయ్యో సామీ, మీ ఉపన్యాసం చూడండి, పొయ్యి పైననే అంటిచ్చినారు. దాన్ని చూస్తే బాండలి ముట్టుకోబుద్ది కాలే' అన్యా. మొగం చూడల్ల నువ్వు! ఉడకని పప్పు మాదిరి!"

సభలో "వండినవి కూడా అప్పుడప్పుడు..." అని ఎత్తుకున్నాడట. పక్కనున్న పచ్చ బొత్తాల పెద్దమనిషి లేచి అతని ఉపన్యాసం అతనికే చదివి వినిపించాడట. అందరూ చప్పట్లు కొట్టారట. ఇప్పుడు తెలిసిందా నాయనా, చప్పట్లు ఎంత మంటగా ఉంటాయో?

నమోదు 7

తిన్నవి: సంకటి, పచ్చి టమోటాలు.

లిఫ్టు కోసమని నూనె డబ్బాలు దిగుతున్నాయి. వేరుశనగ నూనె! మూత తీస్తే మెట్టంతా తలలు తిప్పింది. లిఫ్టు కిర్రుమంటూనే ఉంది. ఉండనీ.

బడి ప్రయోగశాలలో వేడి చేసే పళ్ళెం ఒకటుంది. దాని మీద బాండలి పెట్టాం. టమోటాలు నూనెలో పడి, నీరు వదిలి, గట్టిపడి, అంచుల్లో నూనె ఎర్రగా తేలేదాకా దస్తగిరమ్మ కలిపింది. ఈ ఏడు పరీక్షకు పోయే నా తరగతి పిల్లలందరికీ రోజూ వాటా. నా వాటా నేను తీసుకోను. నాకు పరీక్ష లేదు కదా.

"నువ్వూ తిను మా" అంటుంది కెంపి.

"నేను తర్వాత తింటా."

"ఎప్పుడు?"

"అతను దిగినాక."

కెంపి ముద్ద చేతిలోనే పట్టుకుని కాసేపు నన్ను చూసింది. "నాయన తింటా ఉంటే నవ్వేటోడు. నువ్వు తినకుండానే నవ్వుతాండావు. భయమేస్తాది మా నిన్ను చూస్తే."

అరచేయి చాపమన్నాను. చాపింది. వేళ్ళ మొదట్లో ఎరుపు మొదలైంది. ఆ చేతిని చాలాసేపు వదలలేదు.

నమోదు 8

ఇవాళ పరీక్ష. అన్ని మెట్లవాళ్ళూ చూడటానికి రావచ్చునని నియమం. వచ్చాం.

పైవాళ్ళకు ముందు వరస. సంగీతం చెప్పే పెద్దావిడ చేయి పెట్టింది. ముల్లు లేచి, గీతకు ఇవతలే నిలబడిపోయింది. తర్వాత పచ్చ బొత్తాల పెద్దమనిషి. ఇవతలే. తర్వాత ఇంకొకరు. హాల్లో గుసగుసలు ఆగిపోయాయి. అనంతశయనం వంతొచ్చింది. చేయి చొక్కాకు రుద్దుకుని మరీ పెట్టాడు. ముల్లు సగం కూడా లేవలేదు.

"యంత్రం చెడిపోయింది!"

కాఫీ గ్లాసులు ఏరుతున్న దస్తగిరమ్మ తీరిగ్గా వచ్చి, కొంగుతో చేయి తుడుచుకుని ఎర్రకన్ను మీద పెట్టింది. ముల్లు కొసకి పోయి కొట్టుకుంది.

"బాగానే ఉండాది సామీ."

అతని మొహం తెల్లబోయింది. అప్పుడు అరిచాడు. "ఇది నా శరీరంలో లోపం కాదు! నెలల తరబడి పచ్చివి తిన్నాను, నూనె చుక్క లేకుండా! ఎవరికైనా ఇంతే అవుతుంది! ఇది తిండి లోపం!"

నేను లేచి నిలబడ్డాను. "మళ్ళీ ఒక్కసారి చెప్పండి డాక్టరు గారూ. వెనకవాళ్ళకు వినబడలేదు."

అతనికి అప్పటికి అర్థమైంది. నా కేసి చూశాడు. పళ్ళ బిగువున అన్నాడు. "మంచిది. గీత తప్పు. ఈ క్షణమే రద్దు చేద్దాం. మీరు ఏళ్ళ తరబడి అడుగుతున్నదీ అదే కదా?"

అదే. ఏళ్ళ తరబడి అదే. చేయి ఎత్తితే చాలు. కానీ వంగిన రెండు కాళ్ళు నా కళ్ళ ముందు నుంచి కదలలేదు.

"రద్దు ప్రతిపాదన ముందు గోడపత్రికలో పడాలి. అన్ని మెట్లూ చదివాకే సభకు రావాలి. ఆ నియమం మీరు రాసిందే. అందాకా చట్టం అందరికీ ఒకటే" అన్నాను.

"గోడపత్రిక నడిపేది మీరే కదా!"

"అవునండీ. నేనే."

తర్వాత మా పిల్లలు. కెంపి చేయి పెట్టింది. ముల్లు తడబడింది, గీత దగ్గర వణికింది, దాటింది. నా తరగతి మొత్తం దాటింది. లిఫ్టు తిప్పేది మావాళ్ళు. గీత దాటని పైవాళ్ళతో పాటు అనంతశయనం కూడా ఎక్కగానే, అడుగు మెట్టుకు దించడానికి తలుపు వేశారు.

కెంపి వచ్చి నా చేయి పట్టుకుంది. ఆనందంతో అనుకున్నాను. కాదు, అడిగింది: "ఆ రద్దు కాయితం ఈ పొద్దే అంటించు మా. అడుగు మెట్టులో మనోళ్ళు గూడా ఉండారు. ఆ పాటల అవ్వ ఏం పాపం చేసింది? నీ కక్షకి వాళ్ళంతా ఎదురు చూడల్లనా?"

"మీ నాయన కోసం" అన్నాను.

"నాయనైతే ఈ పొద్దే అంటించేటోడు."

చేయి విడిపించుకుని పైకి వెళ్ళిపోయింది. వెలుగు మెట్టు ఎక్కుతూ వెనక్కి చూడలేదు.

నమోదు 9

లిఫ్టు నూనెలో మిగిలినదంతా పోసి, దస్తగిరమ్మా నేనూ పెద్ద గంగాళం నిండా తొక్కు చేశాం. నేనే అడుగు మెట్టుకు తీసుకెళ్ళాను. నీళ్ళ పంపుల మధ్య, చీకట్లో, వాసన పట్టుకునే మనుషులు వచ్చారు. కాళ్ళు ఈడ్చుకుంటూ వచ్చారు. అందరికీ పెట్టాను. పాటలు చెప్పే అవ్వకు రెండు గరిటెలు ఎక్కువే వేశాను. కెంపికి తెలియాలని కాదు.

అనంతశయనానికి విడిగా తెచ్చాను. పచ్చి టమోటాలు. తక్కెడ కూడా తెచ్చి, అతని ఎదుటే తూచి పెట్టాను.

"తూకం సరిగ్గా ఉందండీ డాక్టరు గారూ. వీసమెత్తు తేడా లేదు."

అతను గంగాళం వైపు చూశాడు. "ఓబుళమ్మ గారూ... కాస్త ఆ నూనె..."

"మనిషికి శత్రువండీ."

అతను పండు కొరికాడు. గింజలు చొక్కా మీద చిందాయి. అతను చూడకుండా మొహం తిప్పుకున్నాను.

దిగినవాళ్ళు కూడా తిన్నది నమోదు చేయాలి కదా. తన మొదటి నమోదు రాస్తూ తలెత్తి అడిగాడు. "ఇవి పైన ఎవరైనా చదువుతారా?"

"చదివే పని ఇన్నాళ్ళూ మీదే కదండీ. మీరు చదివి ఉంటే ఈ పాటికి మీకు అన్నీ తెలిసేవి."

రద్దు ప్రతిపాదన రాసి సిద్ధంగా పెట్టాను. అంటించడానికి జిగురు కూడా కలిపాను. కెంపి మాటా సబబే, నాకు తెలుసు. అందుకే గడువు పెద్దది పెట్టుకోలేదు. రేపు పొద్దున అతను దొడ్డికి వెళ్ళి, తన తొక్కలు తాను చూసుకుని బయటికి రావాలి. అతను తలుపు తీసిన క్షణంలో నేను మెట్లెక్కడం మొదలుపెడతాను. కాగితం గోడ మీద ఉంటుంది.

ఈ పూట తిన్నవి: జొన్న సంకటి, నూనెలో మగ్గిన టమోటా తొక్కు.

ఒంటికి పట్టింది.